ఇన్‌వాయిస్ పీడీఎఫ్ వెనక ఏజీపీఎల్

మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇన్‌వాయిస్ పీడీఎఫ్‌లకు ఐటెక్స్ట్ 5 అనే జావా లైబ్రరీ వాడేవాళ్లం. ఉచితంగా దొరికింది, పెట్టేశాం. ఒక కస్టమర్ లైసెన్సుల జాబితా అడిగారు. వాడిన లైబ్రరీల లైసెన్సులు చూపించే మేవెన్ లైసెన్స్ ప్లగిన్ నడిపితే బయటపడింది: ఐటెక్స్ట్‌ది ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు! మా సోర్స్ కోడ్ మొత్తం అదే లైసెన్సు కింద ఇవ్వాలి, లేదా కమర్షియల్ లైసెన్సు కొనాలి. ఆ రాత్రంతా టెన్షనే. రాసినవాళ్ల షరతు చదవకుండా వాడటం తప్పే.

ఐటెక్స్ట్ 4 నుంచి చీలి వచ్చిన ఓపెన్‌పీడీఎఫ్‌కు ఎల్‌జీపీఎల్, ఎంపీఎల్ లైసెన్సులున్నాయి; వాటితో మా సొంత కోడ్ బయటపెట్టక్కర్లేదు. దాని 1.3 వెర్షన్‌కు మారాను. ఇంపోర్టుల్లో 'ఐటెక్స్ట్‌పీడీఎఫ్' తీసి 'లోవాజీ' పెట్టాను. 'బేస్‌కలర్' ఉన్నచోటల్లా జావా ఏడబ్ల్యూటీలోని 'కలర్'. జీఎస్‌టీ పట్టిక గీతలు పక్కకు జరిగాయి, అవి సరిచేయడానికే రెండు రోజులు పట్టింది. లైసెన్సు కాపీలు ఇన్‌స్టాలర్‌లో చేర్చాను. ఇప్పుడు ఏజీపీఎల్ లైబ్రరీ ఏది వచ్చినా బిల్డ్ అక్కడే ఆగిపోతుంది.