అద్దె కోసం మొదటి ఫ్లాట్ కొంటున్నారా? ముందు టులెట్ బోర్డులు చదవండి

"వచ్చే అద్దెతోనే ఈఎంఐ కట్టేసుకోవచ్చు మేడం" అనే బ్రోకర్ టీ ఇప్పిస్తే తాగి వచ్చేయండి. అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి. హైదరాబాద్‌లో ఇవాళ ఆ లెక్క కుదరదు. నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని, ఉప్పల్ వైపు రెండు ఫ్లాట్లు అద్దెకిచ్చాను. మొన్న మా మరిది కొడుకు "పెద్దమ్మా, నేనూ ఒకటి కొంటా" అని వస్తే కాగితం మీద వేసి చూపించిన లెక్కే ఇది.

ఫ్లాట్ 60 లక్షలు అనుకోండి. ఆ స్థాయి లోన్‌కి బ్యాంకు ఆస్తి విలువలో 80 శాతం మించి ఇవ్వదు. అంటే లోన్ 48 లక్షలు, మీ చేతి నుంచి 12 లక్షలు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే ఇంకో నాలుగున్నర లక్షలు. ఇది కూడా మీరే పెట్టుకోవాలి. లాయరు ఫీజు, పెయింటింగ్, కుళాయిలు, గీజర్ అంటూ చిల్లర ఖర్చులు ఎలాగూ ఉంటాయి. 18 లక్షలు చేతిలో లేకుండా దిగొద్దు. ఇక నెలవారీ సంగతి. 48 లక్షలకి 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకి ఈఎంఐ 41,650 దాకా పడుతుంది. మా వైపు అలాంటి డబుల్ బెడ్‌రూమ్‌కి 18,000 అద్దె వస్తే బాగా వచ్చినట్టే. మిగతా 23 వేల పైచిలుకు ప్రతి నెలా మీ జీతంలోంచి పోతుంది. ఇల్లు ఖాళీగా ఉన్న నెలలో ఈఎంఐ మొత్తం మీదే. అందుకే ఆరు నెలల ఈఎంఐ ఎఫ్‌డీలో పడి ఉండాలంటాను.

ఏడాదికి 2,16,000 అద్దె అంటే 60 లక్షల మీద 3.6 శాతం. ఆస్తిపన్ను, రిపేర్లు, ఖాళీ నెలలు తీసేస్తే మూడు దగ్గరికి దిగుతుంది. ఎఫ్‌డీ ఇంతకన్నా ఎక్కువే ఇస్తుంది. మరి ఎందుకు కొనడం అంటే, అద్దె ఏటేటా పెరుగుతుంది, ఈఎంఐ దాదాపు అక్కడే ఉంటుంది. కింద ఉన్న భూమిలో మీ వాటా విలువ కూడా పెరగొచ్చు. పదేళ్లు ఓపిక పట్టగలిగిన వాళ్లకే ఈ వ్యవహారం. మూడేళ్లలో అమ్మేసి లాభం చూసుకుందామనుకుంటే ఇందులోకి రాకపోవడమే మంచిది.

అద్దె ఎంత వస్తుందో కొనకముందే తెలుసుకునే మార్గం ఉంది. ఒక ఆదివారం పొద్దున ఆ కాలనీకి వెళ్లి నడవండి. గేట్లకి కట్టిన టులెట్ బోర్డులు చదువుతూ, ఇల్లు వెతుక్కుంటున్న మనిషిలా ఆ నంబర్లకి ఫోన్ చేయండి. "అద్దె ఎంతండీ, ఎన్నాళ్లుగా ఖాళీ?" అంటే చాలు, సగం సంగతి బయటపడుతుంది. యాప్‌లలో పెట్టే రేట్లు ఓనర్ల కోరికలు. ఈ ఫోన్లలో, అదీ బేరం ఆడాక, వినిపించేదే అసలు రేటు. ఒకే వీధిలో అరడజను బోర్డులు కనిపిస్తే అక్కడ మనకి పనిలేదు.

తర్వాత ఇస్త్రీ బండి దగ్గర ఆగండి. ఏ ఇంట్లో ఎవరు చేరారో, ఎవరు ఎందుకు ఖాళీ చేశారో అతనికి తెలిసినంతగా అసోసియేషన్ ప్రెసిడెంట్‌కి కూడా తెలియదు. నాకు తెగ నచ్చిన ఒక అపార్ట్‌మెంట్ గురించి అడిగితే ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి చెప్పాడు: "ఎండాకాలంల రోజుకు మూడు ట్యాంకర్లొస్తయమ్మా. ఆ బిల్లు కాడనే లొల్లి." లోపలికి వెళ్లి చూస్తే సంపు మూత పక్కన గచ్చు మీద ట్యాంకర్ పైపు ఈడ్చిన గీతలు స్పష్టంగా ఉన్నాయి. వాచ్‌మన్ మాత్రం "నీళ్లకి ఢోకా లేదు మేడం" అంటూనే ఉన్నాడు. అక్కడికి మంజీరా (వాటర్ బోర్డు) నీళ్ల కనెక్షన్ లేదు, బోరు ఏప్రిల్‌కే ఎండిపోతుంది. వీలైతే ఫ్లాట్‌ని ఏప్రిల్‌లో ఒకసారి, పెద్ద వాన పడిన మర్నాడు సెల్లార్‌ని ఇంకోసారి చూడండి. మధ్యాహ్నం మార్బుల్ ఫ్లోరింగ్ చూసి మురిసిపోతే ఈ రెండూ కనిపించవు.

మీరు ఉండబోయే ఇల్లు కాదు కాబట్టి మీ ఇష్టాయిష్టాలు పక్కన పెట్టండి. ఎవరు అద్దెకి వస్తారో ఊహించుకోండి. మా వైపు తార్నాక, హబ్సిగూడల్లో ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్ఐ లాంటి పరిశోధన సంస్థలు ఉన్నాయి, ఉస్మానియా యూనివర్సిటీ ఉంది. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రో ఉంది కాబట్టి ఐటీ ఉద్యోగాల వాళ్లూ ఇటు వస్తారు. స్టేషన్‌కి నడిచి వెళ్లగలిగే దూరంలో వెయ్యి ఎస్ఎఫ్‌టీ డబుల్ బెడ్‌రూమ్ ఎక్కువ రోజులు ఖాళీగా ఉండదు. మూడు బెడ్‌రూమ్‌ల గేటెడ్ కమ్యూనిటీ ఫ్లాట్ గొప్పగా ఉంటుంది నిజమే. కానీ మొదటిసారి కొనేవాళ్లకి నేను చెప్పను. ధర పెరిగినంతగా అద్దె పెరగదు, ఖాళీగా ఉన్న నెలల్లో అక్కడి మెయింటెనెన్స్ భారం మనదే. వాస్తు మీద నమ్మకం మీకు లేకపోయినా అద్దెకొచ్చే వాళ్లకి ఉంటుంది. తూర్పు గుమ్మానికి ఉన్న గిరాకీ దక్షిణ గుమ్మానికి లేదు.

కొత్తదా, పాతదా అంటే నా ఓటు పదేళ్లు దాటని రీసేల్‌కి. కట్టడం పూర్తయి ఓసీ (ప్లాను ప్రకారమే కట్టారు, ఇక ఉండొచ్చు అని మున్సిపాలిటీ ఇచ్చే సర్టిఫికెట్) వచ్చిన ఫ్లాట్ మీద జీఎస్టీ ఉండదు. కడుతున్న దాని మీద మామూలుగా 5 శాతం. పైగా రీసేల్‌లో వచ్చే నెల నుంచే అద్దె మొదలవుతుంది. ప్రీలాంచ్ ఆఫర్ అని, అనుమతులు రాకముందే, సగం ధరకి ఆశ పెడితే అటు చూడకండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలోనో, ఎనిమిది ఫ్లాట్లకి మించో కట్టేవాళ్లు రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్టర్ కాకుండా అమ్మకూడదు.

కాగితాల దగ్గర మాత్రం తొందరపడకండి. లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు), 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపించే సర్టిఫికెట్), మంజూరైన ప్లాను, ఓసీ, ఆస్తిపన్ను రసీదు, అసోసియేషన్ బాకీ లేదన్న లెటర్ అన్నీ తెప్పించి సొంత లాయరుకి ఇవ్వండి. బిల్డర్ చూపించిన లాయరు వద్దు. ప్లాను చేతిలో పట్టుకుని అపార్ట్‌మెంట్ ముందు నిలబడి అంతస్తులు లెక్కపెట్టండి. ప్లానులో లేని పైఅంతస్తో పెంట్‌హౌసో తక్కువ ధరకి వస్తోందంటే కారణం అదే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మన దగ్గర బిల్డర్ అపార్ట్‌మెంట్ కట్టేటప్పుడు నిర్మాణంలో 10 శాతం మేర మున్సిపాలిటీకి తనఖా రిజిస్టర్ చేసి ఇవ్వాలి. ప్లాను ప్రకారం కట్టి ఓసీ తెచ్చుకుంటేనే అది విడుదల అవుతుంది. చాలాచోట్ల ఓసీ రాకుండానే ఆ ఫ్లాట్లు కూడా అమ్మేస్తారు. ఈసీలో మున్సిపల్ కమిషనర్ పేరు మీద తనఖా కనిపించి, విడుదల దస్తావేజు కనిపించకపోతే ధర ఎంత ఊరించినా వెనక్కి వచ్చేయండి. చెరువు దగ్గరగా ఉంటే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు వచ్చే మేర), బఫర్ జోన్ (దాని చుట్టూ కట్టడాలు కూడని మేర) హద్దులు చూడాల్సిందే. 2024లో చెరువుల్లో ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఇది ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. డాక్యుమెంట్‌లో భూమి వాటా ఎన్ని గజాలో కూడా చూడండి. బిల్డింగు పాతబడుతున్న కొద్దీ మీకు మిగిలేది ఆ గజాలే. ధర 50 లక్షలకి చేరినా, దాటినా 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ల తరఫున ముందుగా కట్టే పన్ను) కోసుకుని కట్టే బాధ్యత కొనేవాళ్లది.

పన్ను సంగతి త్వరగా చెప్పేస్తాను. వచ్చిన అద్దెలోంచి మీరు కట్టిన ఆస్తిపన్ను తీసేసి, మిగిలిన దాంట్లో 30 శాతం రిపేర్ల కింద మినహాయిస్తారు, నిజంగా ఖర్చు పెట్టినా పెట్టకపోయినా. తర్వాత లోను వడ్డీ తీసేస్తారు. మొదటి ఏళ్లలో వడ్డీ అద్దెని మించిపోతుంది కాబట్టి నష్టం చూపిస్తుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ పాత పద్ధతిలో ఆ నష్టాన్ని 2 లక్షల దాకా జీతంలో సర్దుకోవచ్చు. కొత్త పద్ధతిలో కుదరదు. "ట్యాక్స్ కలిసొస్తుంది" అనేవాళ్లని ఏ పద్ధతిలోనో అడగండి.

అద్దెకిచ్చేటప్పుడు క్యాలెండర్ చూడండి. ఆషాఢంలో ఇల్లు ఖాళీ అయితే చాలామంది శ్రావణం వచ్చేదాకా పాలు పొంగించరు. మే, జూన్‌లో స్కూళ్లు తెరిచేలోపు మాత్రం గిరాకీ బాగుంటుంది. అగ్రిమెంట్‌లో గడువు ముగిసే నెల దీన్నిబట్టి రాసుకోండి. సాధారణంగా 11 నెలలకి రాస్తారు. అడ్వాన్స్ మన ఊళ్లో రెండు నెలలు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారో ముందే అగ్రిమెంట్‌లో రాయండి, గొడవలన్నీ అక్కడే. తాళం ఇచ్చే రోజు ఇల్లంతా వీడియో, కరెంటు మీటరు రీడింగు ఫొటో తీసి వాళ్లకీ పంపండి. ఆధార్ కాపీ, ఆఫీసు ఐడీ తీసుకుని పోలీస్ వెరిఫికేషన్ చేయించండి. కులం, కూర అడగడం నాకు గిట్టదు, జీతం స్లిప్ అడుగుతాను. నా ఒక ఫ్లాట్‌లో నలుగురు ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లలున్నారు. బ్యాచిలర్స్ అంటే మొహం చిట్లించే అసోసియేషన్ వాళ్లకి కూడా ఇంతవరకు వాళ్ల మీద ఫిర్యాదు లేదు.

అద్దె పెంపు ఏటా 5 శాతం అని అగ్రిమెంట్‌లో ఉన్నా, ఒకటో తారీఖునే వేసేవాళ్ల మీద పట్టు బిగించకండి. 18,000 అద్దెలో వెయ్యి పెంచబోయి వాళ్లు వెళ్లిపోతే, ఒక్క ఖాళీ నెల నష్టం పూడడానికి కొత్తవాళ్ల దగ్గర ఆ అదనపు వెయ్యి 18 నెలలు రావాలి. బ్రోకర్ కమిషన్, పెయింటింగ్ విడిగా. గీజర్ పాడైందని వాళ్లు ఫోన్ చేస్తే అదే రోజు మెకానిక్‌ని పంపి, బిల్లు మీకు వాట్సాప్ చేయమనండి.