ప్రభుత్వ వెబ్‌సైట్‌ను దివ్యాంగులు సొంతంగా వాడుకునేలా ఎలా మార్చాలి?

చూపు లేని ఒక అమ్మాయి స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెట్టుకోవాలి. తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ల్యాప్‌టాప్‌లో ఉంది, టైపింగ్ చక్కగా వచ్చు. అయినా వంకర అక్షరాలు చూసి టైప్ చేయమనే క్యాప్చా దగ్గర ఆగిపోయి, తన ఆధార్ నంబరూ ఓటీపీ పక్కింటివాళ్లకి చెప్పాల్సి వస్తుంది. ఇది ఆ అమ్మాయి లోపం కాదు, సైట్ లోపం. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. కాబట్టి మండల, జిల్లా, మున్సిపల్ ఆఫీసుల్లో సైట్ బాధ్యత చూసేవాళ్లు ఈ పనిని వాయిదా వేయకూడదు.

1. మౌస్ తీసి పక్కన పెట్టండి

మీ సైట్‌కి జనం ఎక్కువగా వచ్చే పని ఒకటి తీసుకోండి. పన్ను కట్టడమో, పింఛను దరఖాస్తో ఏదైనా సరే. ట్యాబ్, షిఫ్ట్ ట్యాబ్, ఎంటర్, స్పేస్, బాణం గుర్తుల కీలతోనే మొదటి నుంచి చివరి దాకా చేసి చూడండి. ఇప్పుడు ఎక్కడ ఉన్నారో గీతతోనో రంగుతోనో తెరపై కనిపించాలి. ఎక్కువగా ఇరుక్కునేది పుట్టిన తేదీ క్యాలెండర్ దగ్గర. తేదీని నేరుగా టైప్ చేసే వీలు కల్పిస్తే ఆ చిక్కు తీరిపోతుంది.

2. తెర ఆపేసి వినండి

ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ విండోస్‌లో ఉచితంగా దొరుకుతుంది, తెలుగు కూడా చదువుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో అయితే టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ ఉంటుంది. మానిటర్ ఆపేసి అదే దరఖాస్తు మళ్లీ నింపండి. చాలా చోట్ల 'బటన్', 'బటన్' అని మాత్రమే వినిపిస్తుంది, అది దేనికో తెలియదు. 'ఇక్కడ క్లిక్ చేయండి' అనే లింకులు ఇరవై ఉంటే ఏది దేనిదో ఎలా తెలుస్తుంది? లింకు మీద 'ఆదాయ ధ్రువపత్రం దరఖాస్తు' అని పూర్తిగా రాయండి. సమాచారం ఇచ్చే ప్రతి ఫొటోకీ ఆల్ట్ టెక్స్ట్, అంటే అందులో ఏముందో స్క్రీన్ రీడర్ చదివి చెప్పే చిన్న వివరణ ఇవ్వండి. పేజీ కోడ్‌లో భాష తెలుగు అని గుర్తించి ఉండాలి. లేకపోతే ఇంగ్లిష్ గొంతు తెలుగు చదవబోయి తడబడుతుంది.

3. తెలుగు పీడీఎఫ్‌ల సంగతి తేల్చండి

నా దృష్టిలో మన సైట్లలో అన్నిటికన్నా పెద్ద అడ్డంకి ఇదే. జీవోను ప్రింట్ తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి ఎక్కిస్తారు. స్క్రీన్ రీడర్‌కి అది ఉత్త బొమ్మ, అందులో ఒక్క అక్షరం ఉండదు. మరికొన్ని అను ఫాంట్లలో టైప్ చేసినవి. ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌ల మీద తెలుగు రూపాలు కూర్చోబెట్టిన పాత పద్ధతి అది. కంటికి తెలుగే, చెవికి మాత్రం అర్థంలేని గోల. వెతికినా దొరకదు.

ఇకపై అంతా యూనికోడ్‌లోనే, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతిలోనే టైప్ చేయండి. వీలైనంతవరకు పీడీఎఫ్‌గా కాకుండా మామూలు వెబ్ పేజీగా పెట్టండి, ఎందుకంటే యూనికోడ్ పీడీఎఫ్‌లో కూడా ఒక్కోసారి ఒత్తులు చెదిరిపోతాయి. సంతకం ఉన్న కాపీ కూడా కావాలంటే రెండూ పెట్టండి. పాతవాటిలో ఇప్పటికీ అమల్లో ఉన్న అర్హతలు, ఫారాలు, జాబితాలు ముందు మార్చండి. పాత ఫాంటును యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ వాడితే పేర్లు, అంకెలు మనిషి కూర్చుని సరిచూడాల్సిందే. ఒక్క అంకె తప్పితే ఒకరి పింఛను ఆగుతుంది.

4. ఫారం, క్యాప్చా

గడి లోపల లేతగా కనిపించి, టైప్ చేయగానే మాయమయ్యే పేరు చాలదు. ప్రతి గడికీ విడిగా లేబుల్ ఉండాలి. తప్పు జరిగితే గడిని ఎర్రగా చేసి వదిలేయకుండా 'పిన్‌కోడ్‌లో 6 అంకెలు ఉండాలి' అని మాటల్లో చెప్పండి. వంకర అక్షరాల క్యాప్చా తీసేయండి, ఓటీపీ ఉన్నచోట అది దేనికి? సమయం అయిపోతుంటే ముందే హెచ్చరించి, పొడిగించుకునే అవకాశం ఇవ్వండి. చేతులు నెమ్మదిగా కదిలేవాళ్లకి సగం నింపిన ఫారం పోవడం చాలా బాధ.

5. కంటికి, చెవికి

అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలి. 200 శాతం పెద్దది చేసినా అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడకూడదు. పరుగెత్తే అక్షరాల పట్టీని ఆపే వీలుండాలి. వీడియోలకి తెలుగు క్యాప్షన్లు పెట్టండి, ముఖ్యమైనవాటికి సంకేత భాష కూడా. మూలన అక్షరాలను పెద్దవి, చిన్నవి చేసే 'ఎ ప్లస్, ఎ మైనస్' బటన్లు పెట్టి పని అయిపోయిందనుకోవద్దు. లోపల ఫారం సరిగా లేకపోతే అవి దాన్ని బాగుచేయవు.

6. టెండర్‌లోనే రాయండి

ప్రభుత్వ వెబ్‌సైట్ల కోసం కేంద్రం 2023లో తెచ్చిన జీఐజీడబ్ల్యూ 3.0 మార్గదర్శకాలు, దివ్యాంగులకు వెబ్ అందుబాటుపై అంతర్జాతీయ ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ 2.1లో ఏఏ స్థాయిని అడుగుతాయి. ఇదే విషయంపై భారత ప్రమాణం ఐఎస్ 17802 కూడా ఉంది. ఈ పేర్లు ఒప్పందంలో ఉండాలి, పరీక్ష నెగ్గాకే చివరి బిల్లు ఇవ్వాలి. ఆ పరీక్ష సాఫ్ట్‌వేర్‌తో మాత్రమే అయ్యేది కాదు. ఆల్ట్ టెక్స్ట్ ఉందో లేదో అది చెప్తుంది కానీ, రాసింది నిజమో కాదో చెప్పలేదు. చూపు లేనివాళ్లనీ, వినికిడి లేనివాళ్లనీ, చేతుల కదలిక కష్టమైనవాళ్లనీ పిలిచి, వాళ్ల సమయానికి డబ్బిచ్చి, పక్కన కూర్చుని చూడండి. ఫిర్యాదుకి ఫోన్ నంబరుతో పాటు ఈమెయిల్ కూడా ఇవ్వండి. వినికిడి లేనివాళ్లు ఫోన్‌లో మాట్లాడలేరు కదా.

ఫైళ్లు ఎక్కించే ఉద్యోగికి రేపటి నుంచే ఒక అలవాటు నేర్పండి: పీడీఎఫ్‌లో ఒక లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయాలి. తెలుగు తెలుగులాగే వస్తే ఎక్కించవచ్చు. రాకపోతే టైప్ చేసినవాళ్లకి తిప్పి పంపాలి.