డ్వార్ఫ్ ఫోర్ట్రెస్‌లో మొదటి ఏడుగురు: ఎవరికి ఏ పని ఇచ్చి బండెక్కించాలి

డ్వార్ఫ్‌లతో (మరుగుజ్జులతో) కోట కట్టించే కంప్యూటర్ ఆట ఇది. లోకం తయారై, స్థలం ఎంచుకున్నాక ఆట రెండు దారులు చూపిస్తుంది. ప్లే నౌ నొక్కితే ఆటే ఏడుగురిని, సామాన్లను సర్దేసి పంపుతుంది. వాళ్లూ బతుకుతారు. కాకపోతే శరత్కాలానికల్లా ఒకడికి పది పనులు, ముగ్గురికి పనే లేదు అన్నట్టు తయారవుతుంది. అందుకే రెండో దారి, ప్రిపేర్ కేర్‌ఫుల్లీ. ఇక్కడ పెట్టే అరగంట తర్వాత చాలా తలనొప్పి తప్పిస్తుంది.

ముందు లెక్క. ఒక్కో డ్వార్ఫ్‌కు అన్ని నైపుణ్యాలూ కలిపి 10 మెట్లు మించి ఇవ్వలేం. ఒక్క నైపుణ్యంలో 5 మెట్లే, అంటే ప్రొఫీషియెంట్ వరకే. మొదటి మెట్టుకు 5 పాయింట్లు, రెండోదానికి 6, తర్వాత 7, 8, 9. ఐదు మెట్లకు 35 అవుతుంది, మూడు మెట్లకు 18. అంటే ఒక పనిలో ఐదు మెట్లకు పెట్టే ఖర్చుకు ఒక్క పాయింటు కలిపితే రెండు పనుల్లో మూడేసి మెట్లు వస్తాయి. ఈ పాయింట్లతోనే తిండి, మద్యం, పనిముట్లు, పశువులూ కొనాలి కాబట్టి ప్రతి మెట్టూ ఏదో ఒక పీపాను మింగేస్తుంది.

ఏ పనికి ఐదు, ఏ పనికి మూడు, ఏ పనికి సున్నా? చేస్తూ పోతే తానే పెరిగే పనికి పాయింట్లు పెట్టొద్దు. అవకాశం అరుదుగా వచ్చే పనికి, చేయి తిరగకపోతే సరుకు పాడయ్యే పనికి పెట్టండి. తవ్వకం మొదటి రకం. ఆట మొదట్లో చేసేదంతా తవ్వడమే కాబట్టి ఏమీ రానివాడు కూడా చాలా త్వరగా ఆరితేరతాడు. మొదటివాడికి మైనింగ్ 3 చాలు, రెండోవాడికి 1 చాలు. మిగిలిన మెట్లు రాతి సామాను చేసే స్టోన్ కార్వర్‌కో, గోడలు కట్టే మేసన్‌కో ఇవ్వండి. బల్లలు, కుర్చీలు, తలుపులు అన్నీ రాతితోనే చేసుకోవచ్చు. రాతితో కానివాటిలో ముఖ్యమైంది మంచం, దానికి కట్టె కావాలి.

అందుకే మూడోవాడు చెట్లు కొట్టేవాడూ, వడ్రంగీ. గొడ్డలి ఒకటి వీడి పేరు మీద ఉండాలి. ఇక్కడొక చిక్కు. తవ్వేవాడికి పికాసు, చెట్లు కొట్టేవాడికి గొడ్డలి ఒంటి మీదే ఉండాలి. లేబర్ మెనూలోని వర్క్ డీటెయిల్స్‌లో ఒకే డ్వార్ఫ్‌కు మైనర్స్, వుడ్‌కటర్స్ రెండూ టిక్ చేస్తే ఆ రెండు ఆయుధాల మధ్య పేచీ వచ్చి ఏ పనీ సవ్యంగా సాగదు. పికాసులు రెండు, గొడ్డలి ఒకటి, మనుషులు ముగ్గురు. ఈ లెక్క తప్పొద్దు. అన్నట్టు తవ్వేవాడి మైనింగ్ నైపుణ్యమే పికాసుతో కొట్లాడేటప్పుడూ పనికొస్తుంది. అందుకే తొలి ఏడాదిలో మీ తవ్వేవాడే ఊరికి కాపలాదారు కూడా. మారుపేరు పెట్టుకుంటే వాళ్లను గుర్తుపట్టడం తేలిక. అయితే ఆటలో తెలుగు అక్షరాలు పడవు, ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయాలి.

నాలుగోవాడు రైతు. ప్లాంటర్‌కు కళ్లు మూసుకుని 5 ఇవ్వండి. విత్తేవాడి నైపుణ్యాన్ని బట్టే ఒక్కో మొక్కకు దిగుబడి పెరుగుతుంది. ఐదోవాడు మద్యం కాచేవాడు, వంటవాడు. బ్రూయర్ నైపుణ్యంతో పని వేగమే పెరుగుతుంది, సరుకు పెరగదు. కాబట్టి దానికి 1 లేక 2 ఇచ్చి మిగతావి కుక్‌కు పెట్టండి. వంటలో చేయి తిరిగినకొద్దీ తిండి నాణ్యత పెరుగుతుంది, తిన్నవాళ్ల మనసూ బాగుంటుంది. కోట మొదలవగానే లేబర్‌లోని కిచెన్ ట్యాబు తెరిచి ప్లంప్ హెల్మెట్ అనే పుట్టగొడుగునీ, అన్ని రకాల మద్యాన్నీ వంటకు వాడకుండా ఆపేయండి. ఇది మరిచిపోతే వంటవాడు మద్యాన్ని కూడా కూరలో పోసేస్తాడు. ప్లంప్ హెల్మెట్‌ను పచ్చిగా తిన్నా, కాచినా విత్తనం మిగులుతుంది. వండితే విత్తనం పోతుంది. ఇది తెలియక రెండో ఏట విత్తనాలకు అల్లాడే కోటలు చాలా ఉంటాయి.

ఆరోవాడు వైద్యుడు. మన డ్వార్ఫ్ మొదటిసారి గాయపడేటప్పటికి నేర్చుకునే టైము ఉండదు, అందుకే ఇది పాయింట్లు పెట్టాల్సిన పని. డయాగ్నోస్టీషియన్ 3, బోన్ డాక్టర్, కుట్లు వేసే సూచరర్, సర్జన్, వూండ్ డ్రెస్సర్‌లకు ఒక్కోటి ఇస్తే సరిపోతుంది. రోగ నిర్ధారణ జరగకపోతే మిగతా చికిత్స ఏదీ మొదలే కాదు. అయితే ఎంత మంచి వైద్యుడున్నా నీళ్లు లేని చోట అతను ఉత్తివాడే. మంచాన పడ్డవాడికి మద్యం ఇవ్వరు, బకెట్‌తో నీళ్లే ఇస్తారు. చలికాలంలో చెరువు గడ్డకట్టే ప్రాంతమైతే అదీ ఉండదు. బోరు ఎండితే ఎలా ఉంటుందో అనంతపురం వాళ్లకు చెప్పనక్కర్లేదు కదా. స్థలం చూసేటప్పుడే వాగో, లైట్ అక్విఫరో (నేలలో నెమ్మదిగా నీరూరే పొర) ఉన్నచోటు పట్టుకోండి. హెవీ అక్విఫర్ జోలికి మాత్రం కొత్తవాళ్లు పోవద్దు. తవ్వుతుంటే నీళ్లు ముంచెత్తుతాయి, కిందికి దిగడమే కష్టం.

ఏడోవాడు నాయకుడు. సాంఘిక నైపుణ్యాలు ఎక్కువున్నవాణ్ణి ఆట తానే ఎక్స్‌పెడిషన్ లీడర్ చేస్తుంది. బిడారు వర్తకులతో బేరమాడే బ్రోకర్‌గా వీడినే పెట్టుకోవచ్చు. అప్రైజర్ ఒక్క మెట్టు ఉంటే చాలు, వ్యాపారంలో వస్తువుల విలువలు కనిపిస్తాయి. నెగోషియేటర్ (బేరమాడటం), జడ్జ్ ఆఫ్ ఇంటెంట్ (ఎదుటివాడి మనసు కనిపెట్టడం) ఒక్కోటి. రికార్డ్ కీపర్‌కు పాయింట్లు వద్దు, సరుకుల లెక్కలు రాసే బుక్‌కీపర్‌గా కూర్చోబెడితే చేస్తూ నేర్చుకుంటాడు. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు: నాయకుడినే వైద్యుడినీ చేస్తారు. బిడారు వచ్చి డిపోలో (వ్యాపారం జరిగే చోటు) సరుకు దింపుకుని కూర్చుంటే బ్రోకర్ ఆస్పత్రిలో కట్లు కడుతుంటాడు, అది అయ్యాక తాగడానికి, పడుకోవడానికి పోతాడు, ఈలోగా వర్తకులు మూటలు సర్దేస్తారు. తప్పనిసరైతే డిపోలో ఎవరైనా వ్యాపారం చేయవచ్చనే అనుమతి నొక్కండి.

కమ్మరి సంగతేంటి? అది స్థలాన్ని బట్టి. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఏ రాయి కోసమో ఆ సున్నపురాయే ఆటలో ఉక్కుకు ఫ్లక్స్, అంటే ఉక్కు చేసేటప్పుడు కలపాల్సిన రాయి. చాక్, డోలమైట్, కాల్సైట్, పాలరాయి కూడా పనికొస్తాయి. హెమటైట్, లిమోనైట్ లాంటి ఇనుప ఖనిజాలు దొరికే అవకాశమూ అవక్షేప శిలల్లోనే ఎక్కువ. అలాంటి పొర ఉన్న చోట దిగుతుంటే రెండో మైనర్‌కు రాతి పని మానిపించి కవచాలు చేసే ఆర్మర్‌స్మిత్ 5 ఇవ్వండి. లోహం తక్కువ, కమ్మీ పాడుచేస్తే మళ్లీ రాదు, అందుకే ఇక్కడ 35 పాయింట్లు దండగ కావు. అలాంటి చోటు కాకపోతే కమ్మరినీ, దాగలినీ రెండింటినీ వదిలేసి ఆ పాయింట్లు తిండికి మళ్లించండి. దాగలి చేయడానికీ దాగలే కావాలి కాబట్టి తర్వాత బిడారులో కొనుక్కోవాల్సిందే.

ఇక సామాన్లు. ఒక్కో డ్వార్ఫ్ రుతువుకు రెండుసార్లు తింటాడు, నాలుగైదుసార్లు తాగుతాడు. ఏడుగురికి రుతువుకు సుమారు 30 గుక్కల మద్యం. వేసవికల్లా వలసవాళ్లు దిగుతారు, వాళ్లూ తాగుతారు. నాలుగు రకాల మద్యం ఒక్కోటి 16 చొప్పున తీసుకోండి. 15 కాకుండా 16 ఎందుకంటే బండిలో ఒక పీపాకు 5 చొప్పునే సర్దుతారు, పదహారోదానికి ఇంకో పీపా ఉచితంగా వస్తుంది. పీపాలే అసలు సరుకు: ఒక ప్లంప్ హెల్మెట్‌ను కాస్తే 5 గుక్కలొస్తాయి, కానీ పోయడానికి ఖాళీ పీపా గానీ పెద్ద కుండ గానీ లేకపోతే కాయడమే ఆగిపోతుంది. ప్లంప్ హెల్మెట్ విత్తనాలు 20 దాకా తీసుకోండి, ఇది నాలుగు రుతువుల్లోనూ పండుతుంది. కుక్కలు రెండు, వాకిట్లో కట్టేస్తే దొంగల్ని పసిగడతాయి. పిల్లి ఒక్కటే, అదీ మగది. జంట తీసుకెళ్తే మూడేళ్లకు కోట నిండా పిల్లులే, కంప్యూటర్ ఈడ్చుకుంటూ నడుస్తుంది.

నడక సంగతి వచ్చింది కాబట్టి: పాత ల్యాప్‌టాప్ అయితే చిన్న లోకం, 3×3 స్థలం చాలు. డబ్బు పెట్టలేనివాళ్లకు బొమ్మలు లేని క్లాసిక్ వెర్షన్ ఉచితమే. మే నెలలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట డెస్క్‌టాప్ మీద ఆడితే ఆటోసేవ్‌ను ప్రతి రుతువుకూ పెట్టుకోండి.

దిగగానే ఆటను ఆపి ఇంకో పని చేయాలి. కొత్త వెర్షన్లో వర్క్‌షాపు పనులను ఖాళీగా ఉన్న ఎవరైనా అందుకుంటారు. వంటకు 4 మెట్లు పెట్టి తెచ్చినవాడు మూటలు మోస్తుంటే చేతకానివాడు వండేస్తాడు. వంటగది, వడ్రంగి కొట్టం, కమ్మరి కొలిమి కట్టిన ప్రతిసారీ దాని కిటికీలో ఆ పనివాడి పేరు కట్టేయండి. తర్వాత బండిని విప్పేస్తే మూడు దుంగలు వస్తాయి, మొదటి మంచాలకు అవే ఆధారం. డిపో 5×5, దానికి దారి మూడు గడుల వెడల్పు ఉండాలి, లేకపోతే బిడారు బండ్లు లోపలికి రావు. డ్వార్ఫ్ బిడారు శరత్కాలంలో వస్తుంది, దాంతో వచ్చే లైజన్‌తో (మీ రాజ్యం పంపే ప్రతినిధి) మాట్లాడేటప్పుడు వచ్చే ఏటికి ఏం కావాలో అడుగుతాడు. దాగలి వదిలేసి వచ్చినవాళ్లు అప్పుడే చెప్పాలి, ఫ్లక్స్ లేనివాళ్లు ఉక్కు కమ్మీలు అడగొచ్చు.