సైనికుడి పేరు దొరక్కపోతే పిల్లలు పుట్టిన ఊళ్లు చూడండి

పూర్వీకుల్లో బ్రిటిష్ సైనికుడు ఉన్నవాళ్లు (ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లో ఇది మామూలే) ముందు అతని పేరు పట్టుకునే వెతుకుతారు. అదే పేరుతో వందల మంది ఉంటారు కాబట్టి పిల్లల నుంచి మొదలుపెట్టండి. 1851 నుంచి ఇంగ్లండ్ జనాభా లెక్కల్లో ఒక్కొక్కరికీ పుట్టిన చోటు రాశారు, ఇంగ్లండ్ బయట పుట్టినవాళ్లకు కొన్నిసార్లు దేశం పేరే ఉంటుంది. ఒకే ఇంట్లో పెద్దవాడు డబ్లిన్‌లో, రెండో అమ్మాయి జిబ్రాల్టర్‌లో, చిన్నవాడు సికింద్రాబాద్‌లో పుట్టారని ఉందనుకోండి, తండ్రి రెజిమెంట్ (అతను పనిచేసిన సైనిక దళం) తిరిగిన దారి దొరికినట్టే. పిల్లల వయసుల్ని బట్టి ఏళ్లు లెక్కేసి, ఆ సమయాల్లో ఆ మూడు చోట్లా ఉన్న రెజిమెంట్ ఏదో చూడండి.

1841 లెక్కల్లో మాత్రం పెద్దవాళ్ల వయసుల్ని నమ్మొద్దు. పదిహేనేళ్లు దాటినవాళ్లకు సాధారణంగా ఐదేసి ఏళ్లకు తగ్గించి రాశారు, 38 అయితే 35 అని.

చర్చి రిజిస్టర్లలో బాప్తిస్మాల దగ్గరే ఆగిపోకండి. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు లండన్‌కు వెళ్లేవి, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. భర్త పోతే రెజిమెంట్‌లో భార్యకు ఎక్కువ కాలం ఆసరా ఉండేది కాదు, అందుకే చాలామంది కొన్ని నెలల్లోనే ఇంకో సైనికుణ్ని పెళ్లాడేవారు. తల్లీపిల్లలు ఒక్కసారిగా మాయమైపోతే, తండ్రి ఖననం తేదీ తర్వాతి పెళ్లిళ్ల పేజీలు తిరగేయండి. పాపం ఆ పిల్లలు తర్వాతి లెక్కల్లో మారుతండ్రి ఇంటిపేరుతో కనిపించే అవకాశం చాలా ఎక్కువ.