హెపటైటిస్ సి, షుగర్ రెండూ ఉన్నవారు ఫెరిటిన్ రిపోర్టును చదవడం ఎలా

రిపోర్టులో ఫెరిటిన్ 600 అని కనబడగానే ఒంట్లో ఐరన్ పేరుకుపోయిందని అనుకోకండి. ఫెరిటిన్ ఐరన్‌ను నిల్వ చేసే ప్రొటీనే. కానీ కాలేయంలో వాపు ఉన్నా, కొవ్వు పట్టినా, మద్యం తాగినా అది పెరుగుతుంది. కాలేయానికి సోకే వైరస్ జబ్బైన హెపటైటిస్ సి చాలాకాలంగా ఉన్నవారిలో ఆ వాపు ఎలాగూ ఉంటుంది. అందుకే ఆ ఒక్క అంకెతో ఏదీ తేలదు.

తేల్చుకోవడానికి ఉదయం పరగడుపున సీరం ఐరన్ (రక్తంలో ఉన్న ఐరన్), టీఐబీసీ (రక్తం మొత్తం ఎంత ఐరన్‌ను మోయగలదో చెప్పేది) రెండూ చేయించండి. ముందు 24 గంటలు ఐరన్ మాత్ర వేసుకోవద్దు, వేసుకుంటే సీరం ఐరన్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. సీరం ఐరన్‌ను టీఐబీసీతో భాగించి 100తో గుణిస్తే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్, అంటే రక్తంలో ఐరన్‌ను మోసే ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్ ఎంత శాతం నిండిందో, వస్తుంది. ఐరన్ 110, టీఐబీసీ 320 అయితే సుమారు 34 శాతం. 45 లోపు ఉంటే ఫెరిటిన్ పెరగడానికి వాపో కొవ్వో కారణమయ్యే అవకాశమే ఎక్కువ. 45 దాటితే మళ్లీ ఒకసారి చేయించి, హీమోక్రోమాటోసిస్ అనే, ఒంట్లో ఐరన్ పేరుకుపోయే వంశపారంపర్య జబ్బు గురించి, కాలేయంలోని ఐరన్‌ను కొలిచే ఎంఆర్ఐ గురించి డాక్టరును అడగండి. ఇక్కడ ఒక చిక్కుంది: సిరోసిస్‌లో (కాలేయం మచ్చలుపడి గట్టిపడిన దశ) కాలేయం ట్రాన్స్‌ఫెరిన్‌ను తక్కువ తయారుచేస్తుంది కాబట్టి, ఐరన్ నిల్వలు మామూలుగా ఉన్నా శాచురేషన్ ఎక్కువగా కనబడొచ్చు.

నిజంగా ఐరన్ పెరిగిన సందర్భాలూ ఉంటాయి. పేగుల నుంచి ఐరన్ ఎంత రక్తంలోకి రావాలో అదుపు చేసే హెప్సిడిన్ అనే హార్మోన్‌ను హెపటైటిస్ సి వైరస్ తగ్గిస్తుంది. అదే వైరస్ కాలేయ కణాల్లో ఇన్సులిన్ పనికి అడ్డుపడుతుంది. ఆపైన పేరుకున్న ఐరన్ కాలేయాన్నీ, ఇన్సులిన్ తయారుచేసే క్లోమ కణాలనూ దెబ్బతీస్తుంది. అందుకే ఐరన్ లోపం ఉందని పరీక్షలో తేలకుండా ‘బలానికి’ ఐరన్ మాత్రలు, ఐరన్ కలిసిన మల్టీవిటమిన్లు వాడొద్దు.

వైరస్ సంగతి. హెపటైటిస్ సి వైరస్ (హెచ్‌సీవీ)కి ఒంట్లో తయారైన యాంటీబాడీలను చూసే యాంటీ హెచ్‌సీవీ పరీక్ష పాజిటివ్ వస్తే ఎప్పుడో ఒకప్పుడు సోకిందని మాత్రమే అర్థం. నయమైనా అది పాజిటివ్‌గానే ఉండిపోతుంది. ఇప్పుడు వైరస్ ఉందో లేదో చెప్పేది హెచ్‌సీవీ ఆర్ఎన్ఏ పరీక్ష. మందులు మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి కూడా తప్పక చూడాలి, ఎందుకంటే సి తగ్గుతుండగా లోపల అణిగి ఉన్న బి విజృంభించవచ్చు.

చాలామంది మోసపోయేది గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ దగ్గర. ఎర్ర రక్తకణాలు తొందరగా నశిస్తుంటే అది ఉన్న షుగర్ కన్నా తక్కువ చూపిస్తుంది. ప్లీహం వాచిన సిరోసిస్‌లోనూ, హెపటైటిస్ సికి కొందరికి ఇచ్చే రిబావిరిన్ మందు వాడుతున్నప్పుడూ, ఐరన్ తగ్గించడానికి రక్తం తీయించుకున్న తర్వాతా ఇలా జరుగుతుంది. ఐరన్ లోపంతో వచ్చిన రక్తహీనతలో దీనికి విరుద్ధంగా, ఎక్కువ చూపిస్తుంది. పరగడుపు షుగర్ 160 దాటుతూ హెచ్‌బీఏ1సీ 5.8 అని వస్తే, గ్లూకోమీటర్ అంకెలనే నమ్మండి.

హెపటైటిస్ సిని నయంచేసే సోఫోస్‌బువిర్, వెల్పాటాస్‌విర్ మందుల కోర్సు సాధారణంగా 12 వారాలు. వైరస్ తగ్గేకొద్దీ ఇన్సులిన్ మళ్లీ బాగా పనిచేయడం మొదలవుతుంది. పాత మోతాదులోనే ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ సాగిస్తే షుగర్ పడిపోవచ్చు. అందుకని మొదటి వారాల్లో పరగడుపున, రాత్రి పడుకోబోయే ముందు షుగర్ చూసి రాసిపెట్టుకోండి. 70 కన్నా తగ్గితే వెంటనే గ్లూకోజ్ తీసుకుని, మోతాదు తగ్గించాలేమో అదే రోజు డాక్టరును అడగండి. వేలికి గుచ్చే లాన్సెట్, దాని పెన్ను మీవి మీకే ఉండాలి. కంటికి కనబడని రక్తపు మరకతోనూ ఈ వైరస్‌లు ఇంట్లోవాళ్లకు సోకగలవు.

కోర్సు ముగిసిన 12 వారాలకు ఆర్ఎన్ఏ మళ్లీ చేయించండి. వైరస్ లేదని తేలితే అప్పుడే ఫెరిటిన్ కూడా చూడండి. వాపు వల్ల పెరిగినదైతే చాలావరకు దిగివస్తుంది. అప్పటికే సిరోసిస్ ఉన్నవారు మాత్రం వైరస్ పోయిందని ఊరుకోకుండా, కాలేయ క్యాన్సర్ కోసం 6 నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించుకుంటూనే ఉండాలి.