ఒంటారియోలో ఇళ్ళ ఫ్రేమింగ్ పని నేర్చుకోవాలంటే అప్రెంటిస్‌గా ఎలా అప్లై చేయాలి

కెనడా వచ్చాక ఫ్రేమింగ్ పని, అంటే ఇంటికి కలపతో గోడల చట్రం కట్టే పని, నేర్చుకుందాం అనుకునేవాళ్ళు చాలామంది ముందు కాలేజీ వెతుకుతారు, ఏ కోర్సు, ఫీజెంత, సీటు ఎప్పుడు అని. ఒంటారియోలో పద్ధతి తలకిందులు. ముందు పనిచ్చేవాడు దొరకాలి, వాడు స్పాన్సర్‌గా, అంటే మిమ్మల్ని అప్రెంటిస్‌గా (పని చేస్తూ నేర్చుకునేవాడిగా) పెట్టుకుని నేర్పించేవాడిగా, సంతకం పెడతానని ఒప్పుకోవాలి, అప్పుడే అప్లికేషన్, క్లాసుకి పిలుపు అన్నిటికన్నా ఆఖర్న వస్తుంది. అప్లికేషన్ నింపడం పెద్ద కష్టమేం కాదు, తిప్పలన్నీ స్పాన్సర్ దగ్గరే.

ఇళ్ళ ఫ్రేమింగ్ చేసేవాళ్ళు మామూలుగా రిజిస్టర్ అయ్యేది జనరల్ కార్పెంటర్ ట్రేడ్‌లో, దాని కోడ్ 403ఎ. మొత్తం 7,200 గంటలు, అంటే దాదాపు 4 ఏళ్ళు, అందులో క్లాసులు 3 లెవెల్స్, ఒక్కో లెవెల్ 8 వారాలు, మిగతాదంతా సైట్‌లో జీతం తీసుకుంటూ నేర్చుకోవడమే. ఈ ట్రేడ్‌లో పని చేయాలంటే లైసెన్సు తప్పనిసరి అన్న రూలు లేదు, అందుకే కొన్ని క్రూల్లో హెల్పర్‌గా పెట్టుకుని ఏళ్ళ తరబడి కలప మోయిస్తారు, రిజిస్ట్రేషన్ ఊసెత్తరు. రిజిస్టర్ అయిన ట్రైనింగ్ అగ్రిమెంట్ లేకుండా చేసిన గంటలు వాటంతటవే లెక్కలోకి రావు కాబట్టి పనిలో చేరిన మొదటి నెలల్లోనే రిజిస్టర్ చేయిస్తారా అని మొహమాటం లేకుండా అడిగెయ్యండి, ఆరు నెలలు చూద్దాం అంటే సరే, ఏడాదైనా చూద్దాం అనే అంటుంటే ఇంకో క్రూ చూసుకోవడం మేలు.

స్పాన్సర్‌ని ఎక్కడ వెతకాలి అంటే, కొత్త సబ్‌డివిజన్లు (ఇళ్ళ కాలనీలు) లేస్తున్న చోట పొద్దున్నే సైట్ దగ్గరికెళ్ళి ఫోర్‌మన్‌తో మాట్లాడటం ఇప్పటికీ పనిచేసే దారే. యూనియన్ ద్వారా కూడా వెళ్ళొచ్చు, టొరంటో వైపు కార్పెంటర్ల యూనియన్ లోకల్ 27 ఉంది. ఎంప్లాయ్‌మెంట్ ఒంటారియో అనే గవర్నమెంటు ఉపాధి సెంటర్లలో ఉచితంగా సాయం చేస్తారు, ఉద్యోగం చూపిస్తాం డబ్బు కట్టు అనే ఏజెంటు జోలికి మాత్రం పోవద్దు.

ఫోర్‌మన్ దగ్గరికి ఉత్త చేతులతో వెళ్ళకండి. వర్కింగ్ ఎట్ హైట్స్ (ఎత్తులో జాగ్రత్తగా పని చేయడం) ట్రైనింగ్ కార్డు (3 ఏళ్ళు చెల్లుతుంది), గవర్నమెంటు వాళ్ళ వర్కర్ సేఫ్టీ అవేర్‌నెస్ సర్టిఫికెట్ (ఆన్‌లైన్‌లో ఉచితం), పచ్చ త్రికోణం గుర్తున్న సేఫ్టీ బూట్లు ఉంటే ఈయన నిజంగానే పని కోసం వచ్చాడు అనుకుంటారు. టేపు చదవడం కూడా వచ్చి ఉండాలి. ఇక్కడ సైట్‌లో అంతా అంగుళాలే, 2 బై 4 అంటారు గానీ కొలిస్తే ఒకటిన్నర బై మూడున్నరే ఉంటుంది, గోడలో స్టడ్స్ (నిలువు కలప ముక్కలు) మామూలుగా 16 అంగుళాలకొకటి పెడతారు కాబట్టి టేపు మీద ప్రతి 16 దగ్గర వేరే గుర్తు ఉంటుంది. గోడని నేల మీద పడుకోబెట్టి, పైన ప్లేటు కింద ప్లేటు (స్టడ్స్‌కి పైనా కిందా వచ్చే అడ్డ కలపలు) పక్కపక్కన పెట్టి ఒకేసారి గీతలు గీసి, మేకులు కొట్టాక నలుగురు కలిసి లేపుతారు. ఆ గీత పావు అంగుళం తప్పితే పైన షీట్ వేసేటప్పుడు అంచు స్టడ్ మీద పడదు, అప్పుడు తిట్లు తప్పవు. ఇదంతా జనవరి చలిలో కూడా, అది ముందే ఆలోచించుకోండి.

ఇక అప్లికేషన్. స్కిల్డ్ ట్రేడ్స్ ఒంటారియో అనే సంస్థ (2022 నుంచి ఇదే చూస్తోంది) పోర్టల్‌లో అకౌంట్ తెరిచి అక్కడే అప్లై చేయాలి. వయసు కనీసం 16 నిండాలి, చదువు చట్టప్రకారం గ్రేడ్ 10 చాలు గానీ చాలామంది ఓనర్లు గ్రేడ్ 12 అడుగుతారు, మన ఇంటర్ మెమో దగ్గర పెట్టుకోండి. సిన్ నంబరు (కెనడాలో పని చేయడానికి గవర్నమెంటు ఇచ్చే నంబరు) కావాలి, మీది 9తో మొదలయ్యే నంబరైతే తాత్కాలిక స్టేటస్ అని అర్థం, గడువున్న వర్క్ పర్మిట్ ఉండాల్సిందే. స్పాన్సర్ కంపెనీ వివరాలు వాళ్ళని అడిగి కరెక్టుగా వేయండి. అన్నీ సరిపోతే ట్రైనింగ్ అగ్రిమెంట్ వస్తుంది, మీరూ స్పాన్సరూ సంతకాలు చేసి అది రిజిస్టర్ అయితేనే మీరు అప్రెంటిస్ అయినట్టు.

ఆ తర్వాత లాగ్‌బుక్. నేర్చుకున్న ఒక్కో పనికి దాంట్లో సంతకం పెట్టించుకోవాలి. ఆఖర్న ఒకేసారి పెట్టించుకుందాంలే అని వదిలేస్తే ఆ ఫోర్‌మన్ అప్పటికి ఏ కంపెనీలో ఉంటాడో. పని పోయినా, కంపెనీ మారినా చేసిన గంటలు మీవే, కాకపోతే స్కిల్డ్ ట్రేడ్స్ ఒంటారియోకి చెప్పి కొత్త స్పాన్సర్‌తో అగ్రిమెంట్ మార్పించుకోవాలి.

క్లాసుకి పిలుపొచ్చినప్పుడు ఆ 8 వారాలు జీతం ఉండదు. సరిపడా ఇన్సూరబుల్ గంటలుంటే (బీమా లెక్కలోకి వచ్చే పని గంటలు) ఈఐ, అంటే ఉద్యోగ బీమా డబ్బు, వస్తుంది, డబ్బు రాని మొదటి వెయిటింగ్ వారం మొత్తం అప్రెంటిస్‌షిప్‌కి ఒక్కసారే. ఇది కాక కెనడా అప్రెంటిస్ లోన్ అని ఒక్కో క్లాసు పీరియడ్‌కి 4,000 డాలర్ల దాకా వడ్డీ లేకుండా ఇస్తారు. పాత వీడియోల్లో చెప్పే ఫెడరల్ ఇన్సెంటివ్ గ్రాంట్ మాత్రం 2025 మార్చి 31తో ఆగిపోయింది, దాని మీద లెక్కలు వేసుకోకండి.

ఊర్లోనో గల్ఫ్‌లోనో ఏళ్ళ తరబడి వడ్రంగం, సెంట్రింగ్ చేసి వచ్చినవాళ్ళు మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. 403ఎలో కాంక్రీటు ఫారం పని కూడా భాగమే, అందుకని ట్రేడ్ ఈక్వివలెన్సీ అసెస్‌మెంట్‌కి (పాత అనుభవాన్ని లెక్కగట్టే పరిశీలన) అప్లై చేసి చూడండి. పాత ఓనర్ల దగ్గర్నుంచి ఏ పని, ఎన్ని గంటలు అని స్పష్టంగా రాసిన లెటర్లు కావాలి, ఉత్తినే మంచి పనివాడు అని రాస్తే చెల్లదు. ఒప్పుకుంటే నేరుగా పరీక్షకి కూర్చోవచ్చు.

ఎవరు ఏ దారిలో వచ్చినా చివర రాసేది అదే సర్టిఫికెట్ ఆఫ్ క్వాలిఫికేషన్ పరీక్ష, పాస్ మార్కు 70 శాతం. పాసైతే రెడ్ సీల్ (కెనడా అంతటా గుర్తింపున్న ముద్ర) కూడా వస్తుంది, వేరే ప్రావిన్సుకి వెళ్ళినా మళ్ళీ పరీక్ష రాయక్కర్లేదు. పీఆర్ (శాశ్వత నివాసం) కోసం ఫెడరల్ స్కిల్డ్ ట్రేడ్స్ అనే ఇమ్మిగ్రేషన్ దారి చూసుకునేవాళ్ళకి జాబ్ ఆఫర్ బదులు ఈ సర్టిఫికెట్ చూపించొచ్చు, కానీ 2 ఏళ్ళ అనుభవం, భాష పరీక్ష స్కోరు అవి విడిగా ఉండాలి.