కుకీల పాఠం – 3వ భాగం: బ్యానర్ ముట్టుకోకముందే లోపల చూద్దాం

కుకీ అంటే సైట్ మీ బ్రౌజర్‌లో దాచిపెట్టే చిన్న సమాచారం, అవి పెట్టుకోవచ్చా అని సైట్ అడిగే పెట్టే బ్యానర్. పోయిన భాగంలో ఫస్ట్ పార్టీ (మీరు తెరిచిన సైట్‌ది), థర్డ్ పార్టీ (వేరే డొమైన్‌ది) తేడా చూశాం కదా, ఈసారి మీరే చేయాలి, కాబట్టి కంప్యూటర్ ముందు కూర్చోండి.

ముందు క్రోమ్‌లో కొత్త ప్రొఫైల్ ఒకటి పెట్టుకోండి. ఇన్‌కాగ్నిటో చాలదా అంటారేమో, చాలదు, అది థర్డ్ పార్టీ కుకీల్ని తనే ఆపేస్తుంది, ఇంక సైట్ ఏం పెట్టబోయిందో మనకెలా తెలుస్తుంది! ఇప్పుడు ఏదైనా యూరప్ న్యూస్ సైట్ తెరవండి, బ్యానర్ వస్తుంది, దాని జోలికి పోకుండా ఎఫ్12 కొట్టి, అప్లికేషన్ ట్యాబ్‌లో ఎడమపక్క కుకీస్ మీద నొక్కండి. ఫైర్‌ఫాక్స్‌లో అయితే స్టోరేజ్ ట్యాబ్.

వచ్చిన పట్టికలో పేరు, డొమైన్, గడువు, ఈ మూడు కాలమ్స్ చాలు. లాగిన్, కార్ట్ లాంటివాటికి పెట్టే కుకీకి పర్మిషన్ అక్కర్లేదు, అది లేకపోతే మీరడిగిన పనే జరగదు కాబట్టి. కానీ అండర్‌స్కోర్ జీఏ (_ga) అని కనిపిస్తే అది సైట్‌కి ఎవరొస్తున్నారో లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్‌ది, దానికి పర్మిషన్ కావాలి, మామూలుగా 2 ఏళ్ల గడువు పెట్టుకుంటుంది, క్రోమ్ మాత్రం ఏ కుకీనైనా 400 రోజులకి మించి ఉండనివ్వదు. మీరింకా ఏ బటనూ నొక్కలేదు, అదేమో అప్పుడే వచ్చి కూర్చుంది, అంటే బ్యానర్ ఉత్త అలంకారమే అని డౌట్ పడాల్సిందే.

ఎందుకంటే యూరప్‌లో 2009లో మార్చిన ఈప్రైవసీ డైరెక్టివ్ అనే చట్టం ప్రకారం ముందు అడగాలి, ఆ తర్వాతే పెట్టాలి. అడగడం ఎలా ఉండాలో 2018 మే నుంచి అమలైన జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం చెప్తుంది. టిక్ ముందే పెట్టేసి ఉంచితే అది ఒప్పుకున్నట్టు కాదని 2019లో ప్లానెట్49 అనే కంపెనీ కేసులో యూరోపియన్ యూనియన్ కోర్టు తేల్చేసింది కూడా.

ఇప్పుడు రిజెక్ట్ నొక్కి, పేజీ రిఫ్రెష్ చేసి మళ్లీ పట్టిక చూడండి. కొత్త కుకీ ఒకటి మామూలుగా కనిపిస్తుంది, కంగారు పడకండి, మీరు వద్దన్న సంగతి గుర్తుపెట్టుకోడానికే అది, నవ్వొచ్చినా సరే. మిగతావాటి డొమైన్లే చూడాల్సింది, మీరు తెరిచిన సైట్‌ది కాకపోతే అది థర్డ్ పార్టీ.

అలాగే ఎన్ని క్లిక్కులు పట్టాయో లెక్కపెట్టండి. ఒప్పుకోడానికి ఒకటి, వద్దనడానికి నాలుగైతే అది కావాలని చేసిందే, నా దృష్టిలో అసలు మోసం ఇక్కడే ఉంది. సరిగ్గా ఈ తేడా గురించే ఫ్రాన్స్ ప్రైవసీ రెగ్యులేటర్ గూగుల్‌కి 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కి 6 కోట్ల యూరోలు ఫైన్ వేసింది, 2022 జనవరిలో బయటపెట్టారు.

మూడు సైట్లలో ఇలాగే చేసి, రిజెక్ట్ తర్వాత కూడా మిగిలిన పేర్లు రాసిపెట్టుకోండి, నాలుగో భాగంలో ఇదే పట్టికలోని సేమ్‌సైట్ అనే కాలమ్ చదివేది ఆ లిస్ట్ మీదే.